‘అప్పుడప్పుడు’ అనే మాటకు ఆయుష్షెంత?

ఒడిశాలోని బరంపురంలో కోర్టుపేట దాటిన తరువాత ఒక సందులో నాకు మందుల షాపు ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం కౌంటరు అద్దం మీద మోచేయి ఆనిస్తే చురుక్కుమంటుంది. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర జరుగుతున్న రోజుల్లో అలాంటి ఒక మధ్యాహ్నం మా వీధి కుర్రాడొకడు వచ్చి, విరేచనాలు కట్టే బిళ్ళలు, ఒళ్ళునొప్పులకు ఏదైనా ఇమ్మని అడిగాడు. సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర కాబట్టి ఎలాగో సెలవు సంపాదించుకుని మూడు రోజుల కిందట రైలెక్కాడు. డబ్బు ఇవ్వడానికి చెయ్యి చాపినప్పుడు చూశాను. అంత ఎండలోనూ అతని ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, చర్మం ఈకలు పీకిన కోడి తోలులా ఉంది. ముక్కు కారుతోంది. నిమిషానికోసారి ఆవలిస్తున్నాడు. "రైల్లో జ్వరం పట్టుకుంది అన్నయ్యా" అన్నాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే జ్వరమేమీ లేదు.

కొన్నాళ్ళ తరువాత షాపు మూసే వేళకు వచ్చి కూర్చుని తనే చెప్పాడు. సూరత్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళతో కలిసి బ్రౌన్ షుగర్, అంటే నాసిరకం హెరాయిన్, తీసుకునేవాడట. "రోజూ కాదు, అప్పుడప్పుడే. ఆదివారం, షిఫ్టు లేనప్పుడు." అతను అబద్ధం చెప్పలేదు. ఏడాది కిందటి సంగతిగా చూస్తే అది అక్షరాలా నిజం. ఆ ‘అప్పుడప్పుడు’కు ఏ రోజున కాలం చెల్లిందో మాత్రం అతనికి తెలియలేదు. సరుకు దొరకని రైలు ప్రయాణం ఆ సంగతి బయటపెట్టింది.

హెరాయిన్ గురించి మనకు వినిపించే కథలు రెండే. ఒకటి పత్రికల్లోనూ పోలీసువారి బోర్డుల మీదా కనిపించేది: ఒక్కసారి ముట్టుకుంటే ఇక వెనక్కి దారి లేదు. రెండోది వాడేవాళ్ళు చెప్పుకునేది: నా హద్దులో నేనున్నాను, నాకేమీ కాదు. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపించినా రెండింటిలో ఉన్న పొరపాటు ఒకటే. ఒక్క రోజును చూసి బతుకంతటికీ లెక్క కట్టేస్తాయి. యాభై ఏళ్ళుగా జరిగిన పరిశోధన చూస్తే, హెరాయిన్ మీద ఆధారపడకుండా వాడేవాళ్ళు నిజంగానే ఉన్నారని, వాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదని తేలుతుంది. అయితే ఆధారపడకపోవడం అనేది ఆ మనిషి పుట్టుకతో తెచ్చుకున్న గుణమేమీ కాదు, ఆ సమయానికి అతను ఉన్న స్థితి మాత్రమే. ఉద్యోగం, ఊరు, స్నేహితులు, సరుకు ధర, ఒంటి నొప్పి, ఇంట్లో చావు, వీటిలో ఏది మారినా ఆ స్థితి మారవచ్చు, పైకైనా, కిందికైనా.

ముందుగా పదార్థం సంగతి. గసగసాల కాయ పాల నుంచి నల్లమందు, దానిలోంచి మార్ఫిన్, మార్ఫిన్ నుంచి హెరాయిన్ వస్తాయి. 1874లో లండన్‌లో ఒక రసాయన శాస్త్రవేత్త మొదటిసారి తయారుచేసిన ఈ పదార్థాన్ని 1898లో జర్మనీ కంపెనీ బేయర్ దగ్గుమందుగా మార్కెట్లోకి తెచ్చింది. మన వీధుల్లో ‘బ్రౌన్’ అని పిలిచేది శుద్ధి సరిగా చేయని, నానా పొడులూ కలిపిన హెరాయినే. ఒంట్లోకి వెళ్ళిన కొద్ది నిమిషాల్లోనే అది విడిపోయి చివరకు మార్ఫిన్‌గా మారుతుంది. నొప్పినీ దిగులునూ అణచడంతో పాటు ఊపిరి వేగాన్నీ పేగుల కదలికనూ మందగింపజేస్తుంది. మళ్ళీమళ్ళీ వాడుతుంటే శరీరం ఆ బరువుకు ఎదురు తోపుడు తోస్తూ సర్దుకుంటుంది. అందుకే మొదట్లో చాలిన మోతాదు తరువాత చాలదు. దీన్ని వైద్యులు టాలరెన్స్ అంటారు. బరువును ఒక్కసారిగా తీసేస్తే ఆ ఎదురు తోపుడు ఒక్కటే మిగులుతుంది. కట్టిపడేసిన పేగులు విరేచనాలవుతాయి, ఎండిన ముక్కు కారుతుంది, అణిగిన నొప్పి ఎముకల్లోకి వస్తుంది, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. చివరి మోతాదు తరువాత 8 నుంచి 24 గంటల్లో మొదలయ్యే ఈ విత్‌డ్రాయల్ లక్షణాలు నాలుగు నుంచి పది రోజుల దాకా ఉంటాయి. నా కౌంటరు ముందు నిలబడిన జ్వరం అదే.

శరీరం అలవాటు పడటమూ వ్యసనమూ ఒకటి కావు. క్యాన్సర్ నొప్పికి నెలల తరబడి మార్ఫిన్ తీసుకునే పెద్దావిడకు ఆ మందు ఒక్కసారిగా ఆపితే ఇవే లక్షణాలు వస్తాయి. అంతమాత్రాన ఆమెను ఎవరూ వ్యసనపరురాలు అనరు, అనకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో ప్రమాదకరమైన వాడకం, హాని కలిగించే వాడకం, ఆధారపడటం అని వేరువేరు మెట్లు ఉన్నాయి. అమెరికా మనోవైద్యుల డీఎస్ఎం-5 పద్ధతిలో 11 లక్షణాలు పెట్టి, 12 నెలల కాలంలో కనీసం రెండు ఉంటే రుగ్మత అనీ, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తీవ్రమైనదనీ లెక్కిస్తారు. అనుకున్నదానికన్నా ఎక్కువ వాడటం, మానాలని ప్రయత్నించి మానలేకపోవడం, పని చెడటం, తహతహ, ఇలాంటివి ఆ లక్షణాలు. వారానికి ఎన్నిసార్లు అనే ప్రశ్న ఆ పదకొండింటిలో ఎక్కడా లేదని చదివినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. మనందరం ముందుగా అడిగేది అదే ప్రశ్న కదా.

ఎంతమంది ఆధారపడతారు? 1990 దశకం మొదట్లో అమెరికాలో 15 నుంచి 54 ఏళ్ళ వారి మీద జరిగిన జాతీయ సర్వేను ఆంథొనీ, వార్నర్, కెస్లర్ అనే పరిశోధకులు విశ్లేషించి 1994లో ప్రచురించారు. జీవితంలో ఎప్పుడైనా హెరాయిన్ వాడినవారిలో దాని మీద ఆధారపడిన స్థితికి చేరినవారు సుమారు 23 శాతం. పొగాకుకు ఆ అంకె 32, మద్యానికి 15. దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. నలుగురిలో ముగ్గురు ఆ స్థితికి చేరలేదన్నది ఎంత నిజమో, అదే సర్వేలో చట్టవిరుద్ధమైన మత్తుపదార్థాలలో హెరాయిన్‌దే అన్నిటికన్నా పెద్ద అంకె అన్నదీ అంతే నిజం. పైగా ఇది సర్వే రోజు వరకే లెక్క. ఆ ముగ్గురిలో ఎవరి కథ తరువాతి ఏడాది ఎటు తిరిగిందో ఆ అంకెలో ఉండదు. మన దేశంలో సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ళ జనాభాలో 2.1 శాతం, అంటే దాదాపు 2 కోట్ల 26 లక్షల మంది నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నారు. జనాభాలో హెరాయిన్ వాడేవారు 1.14 శాతం, నొప్పిమందుల వంటి ఫార్మా సరుకు వాడేవారు 0.96 శాతం, నల్లమందు వాడేవారు 0.52 శాతం; ఒకటికి మించి వాడేవారు ఒకటి కన్నా ఎక్కువ చోట్ల లెక్కకు వస్తారు. వీరిలో చికిత్సో సహాయమో అవసరమైన స్థాయిలో ఉన్నవారు సగం కన్నా తక్కువే. మిగతా సగం పైచిలుకు మంది ఎవరికీ కనిపించరు.

కనిపించకపోవడానికి కారణం ఉంది. 1984లో ప్యాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే పరిశోధకులు ‘వైద్యుడి భ్రమ’ అని ఒక మాట వాడారు. ఆస్పత్రిలో కూర్చున్న వైద్యుడికి ఏ జబ్బైనా అసలు కన్నా మొండిగా, దీర్ఘంగా కనిపిస్తుంది. ఎందుకంటే త్వరగా నయమైనవాళ్ళు ఒకసారి వచ్చి వెళ్ళిపోతారు, నయం కానివాళ్ళు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటారు. హెరాయిన్ విషయంలో వైద్యుడికే కాదు, పోలీసుకూ, విలేకరికీ, మందుల షాపువాడికీ ఇదే భ్రమ. మా వీధిలో ఎవరైనా ఒకసారి వాడి మానేసి ఉంటే అతను నా షాపుకు వచ్చి ఆ సంగతి చెప్పుకోవలసిన పనేముంది?

భాష కూడా ఈ దాపరికానికి తోడ్పడుతోంది. మా ఇళ్ళల్లో తెలుగు, వీధిలో ఒడియా, సూరత్ వెళ్ళినవాళ్ళ నోట హిందీ. తెలుగులో ‘మత్తుకు బానిస’, ఒడియాలో ‘నిశాఖోర్’, హిందీలో ‘నశేడీ’. మూడు భాషల్లోనూ చివరి మెట్టుకే పేరుంది, నడిమి మెట్లకు లేదు. అందువల్ల ఆదివారం మనిషి ‘నేను అది కాదు’ అని నిజాయితీగానే అనుకుంటాడు. తను నిలబడిన మెట్టుకు పేరు లేదు గనుక, అక్కడి నుంచి కిందికి జారుతున్నప్పుడు చెప్పుకోవడానికీ అతనికి మాట దొరకదు.

పరిసరం మారితే వాడకం ఎంత మారుతుందో చెప్పడానికి వియత్నాం యుద్ధం కన్నా పెద్ద ఉదాహరణ లేదు. అక్కడ అమెరికా సైనికులకు స్వచ్ఛమైన హెరాయిన్ చవకగా, పొగతాగే రూపంలో దొరికేది. వేలమంది వ్యసనపరులు దేశం మీద పడబోతున్నారని 1971లో నిక్సన్ ప్రభుత్వం బెంబేలెత్తి, ఇంటికి విమానం ఎక్కే ముందు మూత్ర పరీక్ష తప్పనిసరి చేసింది. తిరిగి వచ్చినవారిని లీ రాబిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త వెతికి పట్టుకుని అధ్యయనం చేసింది. వియత్నాంలో దాదాపు సగం మంది నల్లమందో హెరాయినో రుచి చూశారు. సుమారు 20 శాతం మంది దాని మీద ఆధారపడ్డారు. ఆధారపడిన ఆ కొందరిలో ఇంటికి వచ్చిన మూడేళ్ళలో మళ్ళీ ఆ స్థితికి చేరినవారు 12 శాతమే. ఈ అంకెను చాలామంది ఉటంకిస్తారు. నాకు మాత్రం దాని పక్కనే ఉన్న మరో అంకె ముఖ్యమనిపిస్తుంది: ఆ ఆధారపడినవారిలో ఇంచుమించు సగం మంది ఇంటికి వచ్చాక కూడా హెరాయిన్ తిరిగి వాడారు. అంటే మళ్ళీ ముట్టుకున్నవారిలోనూ ఎక్కువమంది పాత స్థితికి పోలేదు. యుద్ధం లేదు, పక్క మంచం మీద వాడే తోటివాడు లేడు, సరుకు ప్రియమైంది, పెళ్ళాం ఎదురుగా ఉంది. పదార్థం అదే, మనిషీ అతనే, చుట్టూ ఉన్న లోకం వేరు.

దీన్ని మా గంజాం జిల్లా మనిషికి అన్వయించి చూడండి. ఇక్కడి నుంచి సూరత్ మగ్గాల మీదికి లక్షలాది మంది వెళ్ళారు. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో రాత్రి షిఫ్టువాళ్ళు లేచిన చాప మీద పగటి షిఫ్టువాళ్ళు పడుకోవడం, చెవులు మూసుకుపోయే మగ్గం చప్పుడు, ఇంటికి దూరం. సైనికుడికి వియత్నాం ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోయింది. మనవాడు మాత్రం ఏటా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. అందుకే ఇక్కడ నాలుగు నెలలు మామూలుగా ఉన్నవాడు అక్కడ మరో మనిషి కావడం, మళ్ళీ ఇక్కడికి రాగానే సర్దుకోవడం వింతేమీ కాదు. ఒక మనిషిని ఊరిలో మాత్రమే చూసిన తల్లీ, సూరత్‌లో మాత్రమే చూసిన మేస్త్రీ అతని గురించి చెప్పేది రెండు వేరువేరు కథలు, రెండూ నిజాలే.

ఆధారపడకుండా వాడేవాళ్ళు ఎలా నెగ్గుకొస్తారన్నది హార్వర్డ్ మనోవైద్యుడు నార్మన్ జిన్‌బర్గ్ పట్టుకున్న ప్రశ్న. పదార్థం, దాన్ని వాడే మనిషి మనసు, వాడే సందర్భం, ఈ మూడూ కలిస్తేనే ఫలితం తేలుతుందని ఆయన 1984లో వాదించాడు. అదుపులో వాడేవారిని దగ్గరగా చూసి, వాళ్ళకు నియమాలు ఉన్నాయని గుర్తించాడు. వారంలో పనిదినాల్లో వద్దు, ఒంటరిగా వద్దు, కొత్తవాళ్ళ మధ్య వద్దు, ఇంటి ఖర్చు డబ్బుతో వద్దు, ఇలాంటివి. ఇది తెలుగువారికి చెప్పవలసిన సంగతి కాదు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ మద్యం సీసా వైపు చూడనివాడు మాల తీసిన సాయంత్రమే బారులో కనిపించడం మనమెరుగుదుం. కార్తీక మాసమంతా నీచు ముట్టని మా ఒడియా ఇరుగుపొరుగు, పున్నమి వెళ్ళిన మరునాడు ఛాడఖాయి రోజున పొద్దున్నే మాంసం దుకాణం ముందు వరుస కడతారు. ఆ నియమాలు నిలబడేది ఆ మనిషి గట్టిదనం వల్ల మాత్రమే కాదు. ఊరంతా అదే తిథి పాటిస్తుంది, తప్పితే అడిగేవాళ్ళు ఉంటారు.

మద్యానికి అలా పెళ్ళి, పండగ, ఇంట్లో పెద్దల ముందు కాదు అనే కట్టుబాట్లు తరతరాలుగా ఉన్నాయి. హెరాయిన్‌కు లేవు. దాన్ని రహస్యంగా వాడతారు గనుక ప్రతివాడూ తన నియమాన్ని తనే రాసుకుని, తనే కాపలా కాసి, తప్పినప్పుడు తనకు తనే మినహాయింపు ఇచ్చుకుంటాడు. నా కుర్రాడి కథలో అదే జరిగింది. మొదటి నియమం ‘ఆదివారం మాత్రమే’. పవర్‌లూమ్‌లో కరెంటు పోయిన రోజూ సెలవే కాబట్టి అది ‘షిఫ్టు లేనప్పుడు’ అయింది. తరువాత రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన పొద్దుటి పూటను కూడా ‘షిఫ్టు లేనప్పుడు’ కిందే లెక్కేశాడు. వీటిలో ఏ ఒక్కటీ నియమం తప్పినట్టు అతనికి అనిపించలేదు. మాట మారలేదు, దాని అర్థం సాగింది. వారానికి ఒకసారి కాస్తా రెండుసార్లు అవడం ఎవరైనా గమనిస్తారు. రెండు మోతాదుల మధ్య ఎడం తగ్గుతూ పోయినప్పుడు శరీరం ఆ ఎడాన్ని ఖాళీగా చూడదన్నది మాత్రం ఎవరూ గమనించరు. అక్కడి నుంచి ‘సోమవారం జ్వరం’ మొదలవుతుంది. ఆ జ్వరానికి మందు ఏమిటో వాడేవాడికి ఒక్కసారి తెలిసిందంటే, వాడకానికి కారణం మారిపోయినట్టే. అంతకుముందు హాయి కోసం తీసుకున్నాడు, ఇప్పుడు బాగుండటం కోసం తీసుకుంటున్నాడు. మొత్తం మార్పులో నేను చూసినంత వరకు ముఖ్యమైన మలుపు ఇదే. రోజులను లెక్కపెడితే ఇది దొరకదు, కారణాన్ని అడిగితే దొరుకుతుంది.

అయితే దారి కిందికి మాత్రమే ఉందనుకోవడం పొరపాటు. ఇంగ్లండులో వార్‌బర్టన్, టర్న్‌బుల్, హఫ్ కలిసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో అదుపులో వాడుతున్నవారిలో ఎన్నడూ ఆధారపడనివారే కాదు, ఒకప్పుడు ఆధారపడి తరువాత తగ్గించుకున్నవారూ కనిపించారు. ఈ రెండో తెగ ఉందనే మనవాళ్ళు చాలామంది నమ్మరు. అదే ఏడాది స్కాట్లండులోని గ్లాస్గో నగరం నుంచి వచ్చిన మరో అధ్యయనం, ఎన్నడూ చికిత్సకు వెళ్ళని 126 మంది దీర్ఘకాల వాడకందారులను పరిశీలించి, చదువు, ఉద్యోగాల్లో వాళ్ళు తక్కిన జనంతో పోల్చదగినట్టే ఉన్నారని చూపింది. ఇంతకన్నా ముందే, 1962లో చార్ల్స్ వినిక్ అనే పరిశోధకుడు, వయసు ముప్పైలు దాటేసరికి చాలామంది చికిత్స లేకుండానే ఆ అలవాటు నుంచి బయటపడుతున్నారని రాశాడు. పెళ్ళి, పిల్లలు, అలసట, స్నేహితులు విడిపోవడం, ఇవన్నీ ఆ పని చేస్తాయి. నాటకీయత లేని కారణాలు కావడం వల్ల వీటిని ఎవరూ కథగా చెప్పరు.

దీనికి ఎదురు సాక్ష్యమూ పక్కనే పెట్టాలి. కాలిఫోర్నియాలో 1960ల మొదట్లో కోర్టు ద్వారా చికిత్సకు పంపిన 581 మంది హెరాయిన్ వ్యసనపరులను 33 ఏళ్ళ పాటు గమనిస్తే, 1997 నాటికి 284 మంది చనిపోయారు. మిగిలినవారిలోనూ చాలామంది మానడం, మొదలెట్టడం, జైలు, మళ్ళీ మానడంగా దశాబ్దాలు గడిపారు. గ్లాస్గో మనుషులనూ కాలిఫోర్నియా మనుషులనూ పక్కపక్కన పెట్టి ఏది అసలు కథ అని అడగడం అర్థం లేని పని. ఒక దాంట్లో చికిత్సకు రానివాళ్ళనే ఏరి తీసుకున్నారు, రెండో దాంట్లో చట్టానికి చిక్కినవాళ్ళనే. బరంపురం బజారులో ఉదయం ఆరింటికి చేపలు చూసినవాడూ రాత్రి తొమ్మిదింటికి చూసినవాడూ గోపాలపురం సముద్రంలో ఏముందని వాదులాడుకున్నట్టుంటుంది.

మార్పులో బజారు పాత్ర కూడా తక్కువది కాదు. బ్రౌన్ షుగర్ పొట్లం దొరకని రోజుల్లో దాని స్థానంలోకి నొప్పిమందు క్యాప్సూల్ వస్తుంది, అది దొరక్కపోతే మద్యం. ట్రామడాల్ అనే నొప్పిమందును 2018 ఏప్రిల్‌లో మత్తుపదార్థాల నియంత్రణ చట్టం ఎన్‌డీపీఎస్ కిందకు తెచ్చేదాకా మా వ్యాపారంలో దాన్ని మామూలు నొప్పి బిళ్ళగానే చూసేవారు. వీధి చివర ఎవరికి ఏ నొప్పి ఉందో అడిగే తీరిక కూడా అందరికీ ఉండేది కాదు. ‘నేను బ్రౌన్ నెలకు ఒకసారే’ అని చెప్పే మనిషి క్యాప్సూళ్ళు వారానికి నాలుగు వేస్తుంటే, శరీరం ఆ రెండింటినీ ఒకే ఖాతాలో రాసుకుంటుంది.

ఆధారపడలేదు కదా, అయితే ప్రమాదం లేదనుకోవడమే అన్నిటికన్నా పెద్ద అపాయం. ఓవర్‌డోస్ విషయంలో తరచు లెక్క తలకిందులవుతుంది. రోజూ వాడేవాడికి టాలరెన్స్ ఉంటుంది. నెలల ఎడంతో వాడేవాడికి అది కరిగిపోయి ఉంటుంది, జ్ఞాపకం మాత్రం పాత మోతాదుదే ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారి మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్ళు మత్తుపదార్థాల ఓవర్‌డోస్‌తో చనిపోయే అవకాశం సాధారణ జనం కన్నా 129 రెట్లు. జైలు బదులు నెల రోజుల ఊరి సెలవు పెట్టుకోండి, శరీరం లెక్క మారదు. దీనికి తోడు చోటు కూడా పనిచేస్తుంది. కెనడా శాస్త్రవేత్త షెపర్డ్ సీగెల్ 1982లో హెరాయిన్‌కు అలవాటుపడ్డ ఎలుకలకు పెద్ద మోతాదు ఇచ్చి చూశాడు. ఎప్పుడూ ఇచ్చే గదిలోనే ఇస్తే 32 శాతం చనిపోయాయి, కొత్త గదిలో ఇస్తే అదే మోతాదుకు 64 శాతం. పాత గది వాసనా వెలుగూ చూసి శరీరం ముందే ఎదురు తోపుడుకు సిద్ధపడుతుందని, కొత్త చోట ఆ సూచన అందదని ఆయన వివరించాడు. మద్యం తోడైతే ఊపిరి మీద రెండు బరువులు పడతాయి. పెదవులు నీలంగా మారి, గురక లాంటి శబ్దం వస్తూ, పిలిస్తే పలకని మనిషిని ‘పడుకోనివ్వండి, దిగుతుంది’ అని వదిలేయడం వల్ల ప్రాణాలు పోతాయి. ఆస్పత్రుల్లో నలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఉంది, నిమిషాల్లో ఊపిరిని వెనక్కి తెస్తుంది; అయితే పక్కన 108కి ఫోన్ చేసే మనిషి ఒకడు ఉండాలి.

ఇక చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం హెరాయిన్ వాడటమే నేరం. ఏడాది దాకా కఠిన కారాగారం, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 64ఏ సెక్షన్ మాత్రం, వాడినందుకో చిన్న మొత్తం దగ్గర ఉంచుకున్నందుకో అభియోగం ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. హెరాయిన్‌కు చిన్న మొత్తం అంటే 5 గ్రాముల లోపు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ చట్టం ‘వ్యసనపరుడు’ అంటే ఆధారపడినవాడు అని నిర్వచించింది. అంటే ఆదివారం మనిషికి శిక్ష వర్తిస్తుంది గానీ, శిక్ష నుంచి తప్పించే తలుపు మాత్రం అతను ఇంకొంత చెడిపోయేదాకా తెరుచుకోదు. చికిత్సలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. బ్యుప్రినార్ఫిన్ వంటి మందులు ఆధారపడినవారికి ఉద్దేశించినవి. ఇంకా ఆ మెట్టు ఎక్కని మనిషికి కావలసింది తీరికగా కూర్చుని, అతని భాషలో, ఎన్నిసార్లు అనే కన్నా ఎందుకు అని అడిగే మనిషి. 14446 అనే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. అడిక్ట్‌నని ఒప్పుకున్నాకే ఫోన్ చేయాలన్న నియమమేదీ లేదు.

నా కుర్రాడు ఆ యాత్ర నెలలోనే మనోవైద్యుడి దగ్గరకు వెళ్ళాడు, కొన్నాళ్ళు మందు వాడి సూరత్ తిరిగి వెళ్ళాడు. తరువాతి యాత్రకు వచ్చినప్పుడు మళ్ళీ ‘అప్పుడప్పుడు’ దగ్గరే ఉన్నాడు, అయితే ఈసారి ఆ మాట అనేటప్పుడు గొంతులో తడబాటు ఉంది. మూడో యాత్ర నాటికి సూరత్ వదిలేసి, ఇక్కడే ఆటో కొనుక్కున్నాడు. పిల్లకు చెమటకాయల పౌడరు కావాలని వచ్చాడు. డబ్బు తీసుకుంటూ నేను అతని ముంజేతి వైపు చూడటం గమనించి నవ్వి, "చూసుకో అన్నయ్యా" అంటూ చెయ్యి కౌంటరు అద్దం మీద పరిచాడు. చెమట తప్ప ఏమీ లేదు.

"ఈ ఏడాదిలో రెండుసార్లు" అన్నాడు, అడక్కుండానే. ఒకటి సంక్రాంతికి సూరత్ నుంచి పాత స్నేహితులు వచ్చినప్పుడు. రెండోది వాళ్ళ నాన్న పోయిన పదకొండో రోజు రాత్రి. ఆ రెండోసారి పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాను. పౌడరు డబ్బా జేబులో పెట్టుకుని, జవాబు చెప్పకుండా వెళ్ళి ఆటో స్టార్ట్ చేశాడు.